టైరు పెద్దదైతే... బండంతా మారాలి!

పెద్ద టైర్ల బండి కనిపిస్తే చూపు తిప్పుకోలేం. కానీ ఆ టైర్లను తిప్పడానికి లోపల ఎన్ని మారాలో తెలుసా?

2010 నవంబరు. అంటార్కిటికాలోని మన మైత్రి పరిశోధన కేంద్రం నుంచి ఎనిమిదిమంది భారతీయులు దక్షిణ ధ్రువానికి బయల్దేరారు. బృంద నాయకుడు రసిక్ రవీంద్ర. వెళ్లాల్సింది రెండువేల కిలోమీటర్లకు పైనే. దారిలో రోడ్డుండదు, పెట్రోలు బంకుండదు, పిలిస్తే పలికే మెకానిక్ ఉండడు. పైగా ధ్రువం ఉన్నది సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున. నవంబరు 22న వాళ్లు అక్కడికి చేరుకున్నారు. ఎక్కిన బండి ఏంటో తెలుసా... టయోటా హైలక్స్ పికప్!

అయితే అది షోరూమ్‌లో దొరికే హైలక్స్ కాదు. ఐస్‌ల్యాండ్‌కు చెందిన 'ఆర్కిటిక్ ట్రక్స్' సంస్థ తయారుచేసింది. దాని టైరు ఎత్తు 44 అంగుళాలు. అంటే నాలుగడుగులకు నాలుగంగుళాలే తక్కువ. చూసినవాళ్ల కళ్లు ముందు అక్కడే ఆగిపోతాయి. అసలు కథ మాత్రం ఆ టైర్ల మధ్య, బండి అడుగున ఉంది.

గాలి తీసేస్తే తేలుతుంది!

ఐస్‌ల్యాండ్‌లో హిమనదాల మీద జీపులు నడపడం చాలామందికి సరదా. మెత్తటి మంచులో మామూలు టైరు కూరుకుపోతుంది. అందుకే అక్కడివాళ్లు వెడల్పాటి పెద్ద టైర్లు వేసి, గాలి బాగా తీసేస్తారు. మామూలుగా 30 పీఎస్ఐ ఉండాల్సిన చోట మూడు నాలుగుకు కూడా దించేస్తారు. దాంతో టైరు చపాతీలా పరుచుకుంటుంది. బరువంతా ఎక్కువ మేర సర్దుకుని, బండి మంచు మీద తేలినట్టు వెళ్తుంది.

రాళ్లదారుల్లో పెద్ద టైరుతో మరో లాభముంది. స్ప్రింగులు ఎత్తు చేస్తే బాడీ మాత్రమే పైకి లేస్తుంది. ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని నేల నుంచి పైకి లేపగలిగేది టైరొక్కటే. 30 అంగుళాల టైరు తీసి 44 వేస్తే, పెరిగిన పద్నాలుగులో సగం... అంటే ఏడంగుళాల ఎత్తు కలిసొస్తుంది.

ఇంజిన్‌కు ఆయాసం

మరి నష్టం? గేర్ల సైకిల్ తొక్కినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 30 అంగుళాల టైరు ఒక్కసారి తిరిగితే బండి సుమారు 94 అంగుళాలు కదుల్తుంది. 44 అంగుళాలదైతే 138. ఇంజిన్ అదే, శక్తీ అదే. కానీ ప్రతి చుట్టుకూ బండిని దాదాపు ఒకటిన్నర రెట్ల దూరం తొయ్యాలి. అంటే నేల మీద లాగే బలం మూడింట రెండొంతులకు పడిపోతుంది. ఎత్తెక్కేటప్పుడు బండి మొరాయిస్తుంది. క్లచ్ అరిగిపోతుంది. పాత లెక్క ప్రకారం నడిచే స్పీడోమీటరైతే, 60 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 88లో పరిగెడుతుంటుంది!

దీనికి మందు డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ల దగ్గరుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు చిన్న పినియన్‌ను తిప్పుతుంది. అది పెద్ద క్రౌన్‌ను తిప్పుతుంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 11 ఉంటే నిష్పత్తి 3.73. పినియన్‌కు తొమ్మిదే ఉంటే 4.56. అంకె పెరిగేకొద్దీ వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. లెక్క సులువే. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో హెచ్చవేసి, పాత టైరు ఎత్తుతో భాగిస్తే చాలు. 3.73 ఉన్న బండికి 30 తీసి 44 వేస్తే, 5.47 దగ్గర్లో గేరు కావాలన్నమాట.

అయితే ఎంత కావాలంటే అంత పెంచుకుంటూ పోవడం కుదరదు. పళ్లు తగ్గేకొద్దీ పినియన్ సన్నబడి బలం తగ్గుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండితీరాలి. లేకపోతే గట్టినేల మీద రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి గుంజుకుని ఏదో ఒకటి విరిగి ఊరుకుంటుంది. బిగించడం కూడా చెయ్యి తిరిగినవాళ్ల పనే. పళ్ల మధ్య ఉండాల్సిన సందు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూసి మరీ సరిచేస్తారు. తేడా వస్తే బండి పరిగెడుతున్నంతసేపూ అడుగునుంచి మూలుగే!

బొటనవేలంత తేడా లేకున్నా...

గేరు మార్చి లాగుడు పెంచారు. ఇప్పుడు ఆ బలమంతా మోయాల్సింది యాక్సిల్ షాఫ్టు. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కుతాడు. బరువైన టైరు కదలనంటుంది, ఇంజిన్ ఆగనంటుంది. మధ్యలో నలిగేది షాఫ్టే. 'టప్' మంటే అక్కడితో ప్రయాణం ఆఖరు.

అందుకే టైరు మరీ పెద్దదైతే ఇరుసు మొత్తాన్నే మార్చేస్తారు. జీపు ప్రియులకు డానా 44, డానా 60 పేర్లు బాగా తెలుసు. మొదటిదాంట్లో షాఫ్టు మందం సాధారణంగా 1.31 అంగుళాలు. రెండోదాంట్లో 1.5 దాకా ఉంటుంది. తేడా అంగుళంలో ఐదో వంతు కూడా లేదు. కానీ మెలితిప్పినా తట్టుకునే బలం మందానికి ఘనంగా పెరుగుతుంది. అదే ఉక్కయితే ఒకటిన్నర రెట్లు! బదులుగా బరువూ, ఖర్చూ పెరుగుతాయి. పెద్ద డిఫరెన్షియల్ కిందికి దిగి, టైరు తెచ్చిన ఎత్తులో కొంత తినేస్తుంది.

బ్రేకుల సంగతి చాలామంది మర్చిపోతారు. ఇంజిన్‌ను ఇబ్బందిపెట్టిన టైరే బ్రేకునూ ఇబ్బందిపెడుతుంది. బ్రేకులు పాతవే ఉంటే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. గేరు సరిపోకపోతే బండి కదలదు, అంతే. బ్రేకు సరిపోకపోతే... ఎదుటివాడి ప్రాణం మీదికొస్తుంది.

మన రోడ్ల మీద...

ఐస్‌ల్యాండ్‌లో ఇలా మార్చిన బండ్లను ప్రత్యేకంగా తనిఖీచేసి రోడ్డెక్కనిస్తారు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డుకట్ట వేస్తుంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి కంపెనీ ఏ సైజుల దాకా ఒప్పుకుంటుందో చూసుకున్నాకే టైరు కొనాలి.

దక్షిణ ధ్రువం దగ్గర తీసిన ఫొటోల్లో అందరికీ కనిపించేవి ఆ పెద్ద టైర్లే. వాటిని అక్కడిదాకా తిప్పి, క్షేమంగా వెనక్కి తెచ్చినవి మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించవు. అవి నూనెలో మునిగి తిరుగుతూనే ఉన్నాయి మరి!