కొత్త యంత్రం, పాత పేరు

1996లో మద్రాసు నగరం పేరు అధికారికంగా చెన్నైగా మారింది. అక్కడి సెంట్రల్ రైల్వే స్టేషను పేరు కూడా ఆ తరువాత మారుతూ వచ్చింది. అయినప్పటికీ రిజర్వేషన్ వ్యవస్థలో ఆ స్టేషనును గుర్తించే సంకేతం నేటికీ 'ఎం.ఏ.ఎస్.' గానే నిలిచి ఉంది. ఇందుకు భిన్నంగా 2018లో మొగల్‌సరాయ్ స్టేషనుకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టినప్పుడు సంకేతాన్ని సైతం 'డి.డి.యు.' గా మార్చారు. ఏ పేరును మార్చవచ్చు, దేనిని స్థిరంగా ఉంచాలి అన్న ఈ ప్రశ్నే కంప్యూటర్ల విషయంలోనూ ఎదురవుతుంది.

నేడు భూమి రికార్డులు, పింఛన్ల లెక్కలు, రేషను కార్డుల వివరాలు డేటాబేస్ సర్వర్లలో భద్రపడి ఉన్నాయి. సమాచారాన్ని ఒకచోట నిల్వచేసి, నెట్‌వర్క్ ద్వారా అడిగిన ఇతర కంప్యూటర్లకు అందించే యంత్రమే డేటాబేస్ సర్వర్. కొన్ని సంవత్సరాలకు ఏ యంత్రమైనా పాతబడుతుంది. దాని స్థానంలో కొత్తది రాక తప్పదు. సమాచారాన్నంతటినీ చెక్కుచెదరకుండా కొత్త యంత్రంలోకి చేర్చినా, మరునాడు కౌంటరు వద్ద పని సాగకపోవచ్చు. అటువంటప్పుడు లోపం సమాచారంలో కాక పేరులో ఉండే అవకాశం కలదు.

పేరు ఎన్నిచోట్ల ఉంటుంది?

సర్వర్ పేరు ఒక్కచోటనే ఉంటుందనుకోవడం పొరపాటు. అది మొదట యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టంలో ఉంటుంది. రెండవది, నెట్‌వర్క్‌లో పేరుకు తగిన చిరునామాను తెలిపే డొమైన్ నేమ్ సిస్టం. అర్పానెట్ తొలిరోజులలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే పట్టికలో ఉండేవి. అది మోయలేనంతగా పెరిగినందున 1983లో పాల్ మోకపెట్రిస్ ఈ వికేంద్రీకృత పద్ధతిని రూపొందించాడు. మూడవది, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తనకోసం ఉంచుకొనే అంతర్గత పట్టిక. నాలుగవది, ఆ సర్వర్‌ను ఆశ్రయించిన ఇతర ప్రోగ్రాములు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఏకీభవించకపోయినా చిక్కులు తప్పవు.

మార్పు జరిగే క్రమం

విస్తృతంగా వాడుకలో ఉన్న మైక్రోసాఫ్ట్ ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కొత్త యంత్రాన్ని తాత్కాలికమైన పేరుతో సిద్ధంచేసి, పరీక్షించి, పాతదానిని విరమింపజేసిన పిమ్మట దాని పేరును కొత్తదానికి ఇవ్వడం ఒక పద్ధతి. ఒకే నెట్‌వర్క్‌లో ఒకే పేరుతో రెండు యంత్రాలు ఉండరాదు. కనుక పాతదాని పేరును ముందుగానే మార్చాలి లేదా దానిని నెట్‌వర్క్ నుండి తొలగించాలి.

కొత్త యంత్రం పేరు మార్చి తిరిగి ప్రారంభించగానే విండోస్ ఆ పేరును స్వీకరిస్తుంది. కాని డేటాబేస్ అంతర్గత పట్టికలో తాత్కాలిక నామమే మిగిలి ఉంటుంది. '@@సర్వర్‌నేమ్' అని ప్రశ్నిస్తే ఆ పేరే సమాధానంగా వస్తుంది. 'ఎస్.పి. డ్రాప్‌సర్వర్' ఆదేశంతో దానిని తొలగించి, 'ఎస్.పి. యాడ్‌సర్వర్' ఆదేశానికి 'లోకల్' అన్న మాట జోడించి సరైన పేరును నమోదు చేయాలి. డేటాబేస్ సేవను ఒకసారి నిలిపి తిరిగి ప్రారంభించిన తరువాతనే ఈ సవరణ అమలులోకి వస్తుంది. ఒక సర్వర్‌లోని మార్పులను మరొకదానికి చేరవేసే రెప్లికేషన్ ఏర్పాటు ఉన్నట్లయితే, సాధారణంగా దానిని ముందు తొలగించి, పేరు మార్పు తరువాత మళ్లీ నెలకొల్పవలసి ఉంటుంది.

పనిని బట్టి పేరు

ఇంతకంటె సుఖమైన మార్గం మరొకటి కలదు. యంత్రానికి ఏ పేరున్నా, అది చేసే పనిని సూచించే ఒక మారుపేరును డొమైన్ నేమ్ సిస్టంలో నమోదు చేయవచ్చు. ఉదాహరణకు 'పింఛన్' అన్న మారుపేరును ప్రోగ్రాములన్నింటిలో వాడితే, యంత్రం మారినప్పుడు ఆ మారుపేరును కొత్త యంత్రం వైపు మళ్లిస్తే చాలును. అయితే ఇతర కంప్యూటర్లు పాత చిరునామాను కొంతకాలం జ్ఞాపకం ఉంచుకుంటాయి. ఆ గడువు 86,400 సెకన్లు, అనగా ఒక రోజు ఉన్నట్లయితే, మార్పుకు ఒక రోజుకు ముందుగానే దానిని 300 సెకన్లకు తగ్గించడం మంచిది. ప్రవేశానుమతుల తనిఖీ కూడా కొన్నిచోట్ల పేరు ఆధారంగా జరుగుతుంది; కనుక మారుపేరును అక్కడ సైతం నమోదు చేయాలి.

మారుపేరు ఎంత ఉపయోగకరమైనా, ఏయే ప్రోగ్రాములు ఏ పేరుతో సర్వర్‌ను పిలుస్తున్నాయో తెలిపే జాబితా లేనిదే పని సంపూర్ణం కాదు. నెలకొక్కసారి, సంవత్సరానికొక్కసారి మాత్రమే నడిచే ప్రోగ్రాములను ఇందులో ముఖ్యంగా చేర్చాలి. మార్పు జరిగిన రాత్రి అవి నడవవు కనుక, వాటిలోని లోపం వెంటనే బయటపడదు. అది బయటపడేది పింఛను పంపిణీ చేయవలసిన నాడు కావచ్చు. ఆనాడు నష్టపోయేది పేరు మార్చిన సాంకేతిక నిపుణుడు కాదు, వరుసలో నిలబడిన వృద్ధుడు.