వేగపు తిరునాళ్ళలో వర్తకుడు

ఎద్దులను అమ్మదలచినవాడు పశువుల సంతకు పోతాడు గాని పూలబజారుకు పోడు. మోటారు పందాల వెనుక నడిచే పెద్ద వ్యాపారానికి కూడ ఈ చిన్న లోకజ్ఞానమే మూలసూత్రం.

పందెంలో పరుగెత్తేది కారు ఒక్కటే కాదు. టైరు, బ్రేకు, ఇంజను నూనె, బ్యాటరీ - ఒక్కొక్కటి ఒక్కొక్క వర్తకుని సరకు. పత్రికలో ప్రకటన వేస్తే సరకును గూర్చి వర్తకుడు చెప్పుకొన్నట్లు. పందెంలో నిలిపితే సరకే తన్ను గూర్చి చెప్పుకొంటుంది. అయితే లోకంలో పందాలు అనేకం, వర్తకుని ధనం పరిమితం. కనుక బరిని ఎన్నుకొనే ముందు అతడు మూడు విషయాలు తూచుకొంటాడు.

మొదటిది, ఆ బరి తన సరకుకు తగిన పరీక్ష అవునా అన్నది. 1895 జూన్‌లో పారిస్ నుండి బోర్డోకు పోయి మరల పారిస్ చేరే పందెం జరిగినది. దూరం సుమారు 1,180 కిలోమీటర్లు. గాలి నింపిన టైరు కారు బరువు మోయగలదని నాడు నమ్మినవారు అరుదు. ఆంద్రే, ఎదువార్ మిషెలిన్ సోదరులు అట్టి టైర్లు తొడిగిన కారును తామే నడిపినారు. దారిపొడుగునా పంక్చర్లే. గెలుపు వారికి దక్కలేదు. కాని గాలి టైరుతో అంతదూరం పోయి రావచ్చునని జనం కన్నులారా చూచినారు. వారికి కావలసిన సాక్ష్యం ఆ దూరమే గాని బహుమానం కాదు.

రెండవది, బరిచుట్టూ నిలిచి చూచేవారెవరు అన్నది. జపానులో సొయిచిరో హోండా 1954లోనే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టి.టి. మోటారుసైకిలు పందాలలో పాల్గొంటామని ప్రకటించినాడు. స్వదేశంలో ఎన్ని గెలిచినా యూరపు మెచ్చదు. మోటారుసైకిలు మంచిచెడ్డలు తెలిసినవారంతా చేరే చోటు ఆ దీవి. 1959లో హోండా బండ్లు అక్కడ తొలిసారి పరుగెత్తినవి. 1961లో 125, 250 సి.సి. తరగతులు రెండింటిలోను గెలిచినవి.

విద్యుత్ కార్ల వర్తకులు పందాన్ని నగరం నడిబొడ్డుకే తెచ్చినారు. అట్టి కారును కొనేవారు ఎక్కువగా నగరవాసులే గదా! 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో మన దేశపు మహీంద్రా జట్టు, జాగ్వార్, నిస్సాన్, పోర్షె మున్నగువాటి సరసన నిలిచినది. మరుసటి యేడు జరుగవలసిన పందెం రద్దయినది. తిరునాళ్ళ నిలకడను కూడ వర్తకుడు చూచుకోక తప్పదు.

మూడవది, ఓడితే కలిగే నష్టం. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఫార్ములా వన్ పందెం. అక్కడి వాలు మలుపులో తన టైర్లు భద్రం కావని మిషెలిన్ సంస్థ గ్రహించి జట్లను హెచ్చరించినది. ఆ టైర్లు తొడిగిన 14 కార్లు పందెం మొదలు కాకముందే వెనుదిరిగినవి. 6 కార్లే పరుగెత్తినవి. వేలాది ప్రేక్షకుల ఎదుట పరువు పోయినది గాని ప్రాణాలు పోలేదు. ప్రేక్షకులకు టిక్కెట్ల సొమ్ము తిరిగి ఇస్తామని ఆ సంస్థ ప్రకటించినది.

1895లో పంక్చర్లు చూపి మిషెలిన్ పేరు తెచ్చుకొన్నది. 110 ఏండ్ల తరువాత బరినుండి తప్పుకొని పేరు పోగొట్టుకొన్నది. రెండుచోట్లా బయటపడినది సరకు నిజస్వరూపమే. సులభమైన పరీక్షను ఏరుకొన్నవానికి ఈ నష్టభయం లేదు. అయితే అతని గెలుపును నమ్మేవారూ ఉండరు. విద్యార్థికైనా, వర్తకునికైనా పరీక్ష ఇచ్చే విలువ దాని కాఠిన్యంలోనే ఉన్నది.