‘ఆర్’ ఎందుకు కనబడదు?

ఇంజనీరింగు చదువుచున్న ఒక పాఠకుడు గత మాసమున మాకు వ్రాసిన లేఖలోని ప్రశ్న చూచుటకు చిన్నదే కాని, దానికి ఒక్క వాక్యమున బదులు చెప్పి ఊరకుండుటకు నా మనస్సు ఒప్పలేదు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఆతడు కట్టుకొనుచున్న యాప్ ముందునాటి రాత్రివరకు చక్కగా నడచినదట. తెల్లవారిన పిమ్మట స్నేహితుడు పంపిన బొమ్మ నొకదానిని, పేరు మార్చకయే, డ్రాయబుల్ ఫోల్డరులో వేసినంతనే, ఆ బొమ్మతో ఏ సంబంధమును లేని ఫైళ్లన్నిటను ఎఱ్ఱగీతలు పొడసూపి, ‘ఆర్ అను సింబల్ దొరకలేదు’ అని ప్రతి పంక్తియు మొఱపెట్ట నారంభించినదట. ప్రాజెక్టును క్లీన్ చేసెను, రీబిల్డ్ చేసెను, స్టూడియోను మూసి తెఱచెను, తుదకు కంప్యూటరునే రీస్టార్ట్ చేసెను, ఫలితము శూన్యము. ‘నేను ముట్టుకొనని ఫైళ్లు ఎట్లు చెడినవి?’ అనునది ఆతని ప్రశ్న.

ఆ ఫైళ్లేవియు చెడలేదు. బొమ్మ పేరులోని మొదటి అక్షరము కాపిటల్ ‘ఎల్’. దానిని చిన్న ‘ఎల్’గా మార్చినచో వ్యాధి నెమ్మదించును. చికిత్స ఇంతే. కాని యెక్కడనో ఒక బొమ్మ పేరులో కాపిటల్ అక్షర మున్నంత మాత్రమున యావత్తు ప్రాజెక్టు ఏల కుప్పకూలవలెనను విషయము, నా దృష్టిలో, ఆండ్రాయిడ్ నిర్మాణమున నున్న అత్యంత సుందరమైన ఏర్పాటును బయటపెట్టు ద్వారము.

ప్రాథమిక విషయములను వేగముగా దాటుదము. యాప్‌లో జావా లేక కోట్లిన్ భాషలో వ్రాసిన కోడ్ ఒక భాగము; బొమ్మలు, తెరల అమరికలు, వాక్యములు, రంగులు మొదలగు రిసోర్సులు మఱియొక భాగము. ఈ రెండవ భాగమంతయు ‘రెస్’ అను ఫోల్డరులో ఉండును. కోడ్ నుండి రిసోర్సును పిలుచుటకు ‘ఆర్ డాట్ డ్రాయబుల్ డాట్ లోగో’ అని వ్రాయుదుము. ఈ ‘ఆర్’ను వ్రాసినవా డెవ్వడును లేడు. బిల్డ్ జరుగునపుడు ‘ఏఏపీటీ’ అను పనిముట్టు రెస్ ఫోల్డరునంతటిని ఆమూలాగ్రము చదివి, ప్రతి రిసోర్సునకును ఒక సంఖ్య నిచ్చి, ఆ పేర్లకును సంఖ్యలకును గల సంబంధమును ‘ఆర్’ అను క్లాసుగా తయారు చేయును. అది తయారైన పిమ్మటనే కోడ్ కంపైల్ అగును. చదువునపుడు ఒక్క ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో ఒక్క ట్యాగు మూయబడక పోయినను, ఒక్క ఫైలు పేరులో నిషిద్ధాక్షర మున్నను ఏఏపీటీ అక్కడనే ఆగిపోవును; ‘ఆర్’ పుట్టదు; పుట్టని దానిని పేర్కొన్న ప్రతి పంక్తియు దోషమగును. కావున వందలకొలది ఎఱ్ఱగీతలలో ఒక్కటియు నిజమైన దోషము కాదు, అన్నియు ఒకే దోషమునకు ప్రతిధ్వనులు. నిజమైన దోషము బిల్డ్ అవుట్‌పుట్‌లో పైన ఎక్కడనో ఒక్క పంక్తిగా నుండును, మనవారు క్రిందినుండి చదువుదురు.

ఇచ్చట పొరపడినవారి గాథ కొంత చెప్పకతప్పదు. స్టూడియో ప్రథమ స్థిర సంస్కరణ వెలువడిన 2014 డిసెంబరునకు పూర్వము ఆండ్రాయిడ్ పని చాలవఱకు ఎక్లిప్స్ అను మఱియొక పరికరములో జరుగుచుండెడిది. ‘ఆర్ కనబడుట లేదు’ అని యెవరైన వాపోయినచో అనుభవజ్ఞులని పేరొందినవారు సైతము ‘ప్రాజెక్టు క్లీన్ చేయుము’ అని ఉపదేశించెడివారు. క్లీన్ యొక్క ధర్మ మేమి? తయారైనవానిని తుడిచివేయుట. రెస్ ఫోల్డరులో దోష ముండగా క్లీన్ చేసినచో, నిన్నటిదైనను పనికివచ్చుచున్న ఆర్ ఫైలు సైతము తుడుచుకొనిపోయి, క్రొత్తది పుట్టక, పదిచోట్ల నున్న ఎఱ్ఱగీత వందచోట్లకు ప్రాకును. ఆ ఉపదేశము వ్యాధిని పెంచు ఔషధము. ఐనను నేటికిని తరగతి గదులలో వినవచ్చుచునే యున్నది. ఇంతకంటె చమత్కారమైన పొరపాటు ఎక్లిప్స్‌దే: ‘ఆర్’ కానరానపుడు ఇంపోర్టులను సరిదిద్దుమని కోరినచో, అది ‘ఆండ్రాయిడ్ డాట్ ఆర్’ను, అనగా యాప్ పట్టికకు బదులు ఆండ్రాయిడ్ వ్యవస్థ యొక్క సొంత పట్టికను, తెచ్చి పెట్టెడిది. ‘ఆర్’ దొరికినది, దానిలో మన బొమ్మ లేదు! నమూనా ప్రాజెక్టునుండి కోడ్ నకలు చేసికొనువారికి మఱియొక చిక్కు కలదు: బిల్డ్ ఫైలులో ‘నేమ్‌స్పేస్’ అని దేనిని వ్రాసితిమో ఆ ప్యాకేజీలోనే ‘ఆర్’ పుట్టును గావున, నకలు చేసిన ఫైలు వేఱొక ప్యాకేజీ పేరుతో వెదకినచో దొరకదు.

ఇక సంఖ్య సంగతి. ప్రతి రిసోర్సునకు లభించు సంఖ్య 32 బిట్లది. దానిని మూడు ఖండములుగ చదువవలెను. మొదటి 8 బిట్లు ప్యాకేజీని, తరువాతి 8 బిట్లు రకమును, కడపటి 16 బిట్లు ఆ రకములో వరుస సంఖ్యను తెలుపును. 1972 ఆగస్టు 15న మన దేశమున ప్రవేశపెట్టిన పిన్ కోడ్‌లో మొదటి అంకె తపాలా మండలమును, చివరి మూడంకెలు తపాలా కార్యాలయమును సూచించుచు, సంఖ్యయే త్రోవ చూపునట్లు ఎట్లు రచింపబడినదో, ఇదియు నట్లే. పదహారు మూలముగా గల హెక్స్ పద్ధతిలో వ్రాసినచో యాప్ ప్యాకేజీ సంఖ్య 7ఎఫ్; ఆండ్రాయిడ్ వ్యవస్థది 01. వ్యవస్థ పట్టికలో ‘క్యాన్సిల్’ అను వాక్యము సంఖ్య 01 04 0000, అనగా ఒకటవ ప్యాకేజీలో నాల్గవ రకములో మొట్టమొదటిది, దశాంశములలో 1,70,39,360. వ్యవస్థ సంఖ్యలు ఎన్నటికిని మారరాదని అచ్చట ప్రత్యేకముగ ఒక జాబితా కాపాడబడుచుండును. యాప్ సంఖ్యల కట్టి యభయము లేదు.

ఈ మూడు ఖండముల రహస్య మెఱిగినవాడు క్రాష్ లాగ్‌ను చదువు తీరే వేఱు. క్రొత్తవారు తఱచుగ చేయు తప్పొకటి చూడుడు. వయస్సును తెరపై చూపవలెనని ‘సెట్ టెక్స్ట్’ అను మెథడ్‌నకు 25 అను పూర్ణసంఖ్య నిత్తురు. కంపైలరు కిమ్మనదు. యాప్ నడచి, ఆ తెర తెఱచినంతనే కూలి, ‘స్ట్రింగ్ రిసోర్సు ఐడీ 19 దొరకలేదు’ అని లాగ్‌లో వ్రాయును. ఈ 19 ఎక్కడిది? 25ను హెక్స్‌లో వ్రాసినచో 19. ‘సెట్ టెక్స్ట్’ పూర్ణసంఖ్యను రిసోర్సు సంఖ్యగా భావించును. 00 00 0019 అను చిరునామాకు బోయి, సున్న సంఖ్య గల ప్యాకేజీయే లేదని తిరిగివచ్చును. 7ఎఫ్‌తో గాని 01తో గాని ఆరంభము కాని సంఖ్య లాగ్‌లో కనబడినచో, ఎవరో రిసోర్సు కాని దానిని రిసోర్సుగ పంపినారని తత్‌క్షణము గ్రహింపవచ్చును. సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చి యిచ్చినచో సరిపోవును. ఇట్టి సౌలభ్యమును చూచిన ప్రతిసారియు నాకు ముచ్చట వేయును.

కోడ్‌ను రిసోర్సులనుండి వేఱుచేసి సంఖ్యలతో పిలుచుట ఆండ్రాయిడ్ కనిపెట్టినది కాదు. 1984లో వెలువడిన మెకింటాష్‌లో బ్రూస్ హార్న్ రచించిన రిసోర్స్ మేనేజరు ఈ పని చేసెను. ఆ యంత్రమునకు మెమొరీ 128 కిలోబైట్లు మాత్రమే. కావున మెనూలను, బొమ్మలను కోడ్‌నుండి విడదీసి అవసరమైనపుడే లోనికి తెచ్చి, పని తీరగనే వదలివేయుట విధిలేని యేర్పాటు. ఇతర భాషలలోనికి అనువదించువారు ప్రోగ్రామును ముట్టకయే మెనూలను మార్చుకొను సౌకర్యమును దానివలననే కలిగెను. నాలుగక్షరముల రకము, 16 బిట్ల సంఖ్య, ఇదే ఆ పద్ధతి. కాని సంఖ్యలను మనుష్యులే యిచ్చుకొనెడివారు, ఇద్దఱు ఒకే సంఖ్య నిచ్చినచో ఘర్షణ తప్పదు. ఫాంట్ల విషయమున ఈ చిక్కు ప్రసిద్ధము: రెండు ఫాంట్ల సంఖ్య ఒకటే యైనచో ఇన్‌స్టాల్ చేయు ప్రోగ్రాము ఒకదాని సంఖ్యను మార్చివేయును, పత్రములో ఫాంటు పేరు గాక సంఖ్యయే దాచబడి యుండుటచేత, మఱియొక యంత్రముపై తెఱచినపుడు ఆ పత్రము వేఱొక లిపి సొగసుతో ప్రత్యక్షమగును.

సంఖ్యలను యంత్రమే యిచ్చునట్లు చేసి ఆండ్రాయిడ్ ఆ ఘర్షణను తొలగించినది. ఐనను మనవారు ఆ పాత తప్పునే క్రొత్తగ చేయుదురు. వాడుకరి యెన్నుకొన్న బొమ్మను గుర్తుంచుకొనవలెనని ‘ఆర్ డాట్ డ్రాయబుల్’ సంఖ్యను డేటాబేసులో దాతురు. తరువాతి బిల్డ్‌లో క్రొత్త బొమ్మ యొకటి చేరగనే వరుస జరుగును, అప్‌డేటు తీసికొన్న ఫోనులో పుష్పమునకు బదులు పులి కనబడును. దాచవలసినది సంఖ్య గాదు, పేరు.

సంఖ్యలు మారుచుండుటవలన కలిగిన మఱియొక పరిణామము పాత పాఠ్యపుస్తకములతో చదువుకొనువారిని నేడు వేధించుచున్నది. పూర్వము యాప్ యొక్క ‘ఆర్’లోని సంఖ్యలు ‘ఫైనల్’ స్థిరాంకములు. జావా కంపైలరు వానిని కోడ్‌లో నేరుగా పొదిగివేయును గావున, ఒక్క బొమ్మ చేరి వరుస జరిగినను, వానిని వాడిన కోడ్‌నంతటిని మఱల కంపైల్ చేయవలసి వచ్చెడిది. లైబ్రరీల విషయమున 2011లోనే ఆ ‘ఫైనల్’ను తీసివేసిరి, ఏలయన లైబ్రరీ రిసోర్సుకు తుది సంఖ్య అది చేరు యాప్‌లో గాని నిర్ణయము కాదు. బిల్డ్‌ను నడుపు గ్రేడిల్ అను పనిముట్టునకు 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.0 నుండి యాప్‌లకును అదియే సహజస్థితి. ఫలితముగా, ఏ బటన్ నొక్కబడినదో స్విచ్-కేస్‌తో తేల్చు పాత జావా పాఠములోని కోడ్, అక్షరము తప్పకుండ ఎక్కించినను, ‘స్థిరమైన విలువ కావలెను’ అని నిరాకరింపబడును, ఇఫ్-ఎల్స్‌గా మార్చుకొనవలెను. ఇందు విద్యార్థి దోషము లేదు, పుస్తకము ముసలిదైనది.

నిషిద్ధాక్షరముల నియమము సైతము ఈ యేర్పాటునుండియే వచ్చినది. ఫైలు పేరే ‘ఆర్’లో జావా పేరగును; మధ్య హైఫన్ ఉన్నచో జావా దానిని తీసివేత గుర్తుగ చదువును; అంకెతో మొదలైనచో పేరే కాదు; ‘న్యూ’, ‘క్లాస్’ వంటి భాషాపదములు పనికిరావు. కాపిటల్ అక్షరములను అంగీకరించినచో, విండోస్‌లో ఒకటిగ నుండు రెండు పేర్లు లినక్స్‌లో రెండగును. పేరు చివరి డాట్ తరువాతి భాగము లెక్కకు రాదు గావున ‘లోగో’ పేరుతో ఒక పీఎన్‌జీయు ఒక జేపీజీయు ఒకే ఫోల్డరులో నుంచినచో రెండును ఒకే రిసోర్సు, కావున డూప్లికేట్ దోషము. జావా భాష తెలుగక్షరములతో పేర్లను అనుమతించునే గాని ఏఏపీటీ అనుమతింపదు. చిన్న ఆంగ్లాక్షరములు, అంకెలు, అండర్‌స్కోరు, ఇంతవఱకే దాని యౌదార్యము.

ఒకే సంఖ్యకు అనేక విలువలుండుట ఈ పద్ధతి యొక్క మఱియొక వైభవము. ‘వేల్యూస్’ ఫోల్డరు ప్రక్కన ‘వేల్యూస్-టీఈ’ అను ఫోల్డరు నుంచి, అదే పేరుతో తెలుగు వాక్యము వ్రాసినచో, ఫోను భాష తెలుగైనపుడు కోడ్‌లో ఒక్క యక్షరము మారకయే తెలుగు కనబడును. వాక్యము తెలుగు ఫోల్డరులో మాత్రమే యుండి మూల ఫోల్డరులో లేనిచో, ఇంగ్లీషు ఫోనులో యాప్ కూలును. తెలుగులోనే పరీక్షించుకొను మనవారికి ఇది దుకాణమున కెక్కిన తరువాత గాని తెలియదు. బొమ్మల విషయమున ఫోల్డరు సాంద్రతను చెప్పును: పేరులో సాంద్రత లేని డ్రాయబుల్ ఫోల్డరు 160 డీపీఐగా లెక్క. వేయి పిక్సెళ్ల చదరపు బొమ్మ నందు వేసినచో, 480 డీపీఐ ఫోను దానిని నిలువున అడ్డమున మూడింతలు పెంచును. పిక్సెలునకు 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్లు తినవలసినది 36 తినును. ఆపై మెమొరీ చాలలేదని యాప్ కూలినపుడు ఫోనును నిందింతురు. ఆ బొమ్మను ‘ఎక్స్ఎక్స్‌హెచ్‌డీపీఐ’ ఫోల్డరునకు జరుపుటయే తగిన పని.

ఇక సెట్టింగుల చిక్కులను గూర్చియు, అయిష్టముగనే, నాలుగు మాటలు. బిల్డ్ ‘జావా హీప్ స్పేస్’ అని ఆగినపుడు స్టూడియో మెమొరీని పెంచి, ఫలితము లేదని విసుగుకొనువా రనేకులు. స్టూడియో వేఱు, గ్రేడిల్ వేఱు. గ్రేడిల్‌కు ఏమియు చెప్పనిచో 512 మెగాబైట్లతోనే పనిచేయును, క్రొత్త ప్రాజెక్టులలో ‘గ్రేడిల్ ప్రాపర్టీస్’ ఫైలు దానికి 2048 ఇచ్చును, పెంచవలసిన దక్కడ. 8 జీబీ యంత్రములో 6 జీబీ దానికే ఇచ్చినచో ఎమ్యులేటరునకు మిగులునదేమి? యావత్తు యంత్రము డిస్కుపై ప్రాకులాడును.

ఎస్‌డీకే త్రోవను చెప్పు ‘లోకల్ ప్రాపర్టీస్’ ఫైలు స్టూడియో స్వయముగ వ్రాయును. దానిని చేతితో దిద్దువారు వెనుకకు వాలిన గీతను రెండు మారులు వ్రాయవలెను. ఒక్క మారు వ్రాసినచో ఆ గీత అదృశ్యమై త్రోవ తప్పును; గీత వెంట చిన్న ‘యూ’తో ‘యూజర్స్’ అని వ్రాసినచో, జావా దానిని యూనికోడ్ సంకేతముగ భావించి, సంకేతము వికృతమైనదని ఫైలునే చదువ నిరాకరించును. ఇతరుల ప్రాజెక్టును దింపుకొన్నపుడు వారి యంత్రపు త్రోవ దీనిలో మిగిలి యుండుట సామాన్యము. ఆ ఫైలును తొలగించి ప్రాజెక్టును మఱల తెఱచినచో స్టూడియో సరియైనది వ్రాసికొనును. అసలీ ఫైలును గిట్‌లో చేర్చనే రాదు.

విండోస్‌లో తన పేరును తెలుగులో నమోదు చేసికొని, తెలుగు పేరు గల ఫోల్డరులో ప్రాజెక్టు నుంచువారికి మఱియొక అడ్డంకి: త్రోవలో ఆంగ్లేతరాక్షరము లున్నవని గ్రేడిల్ ప్లగిన్ బిల్డ్‌ను ఆపును. ‘ఓవర్‌రైడ్ పాత్ చెక్’ అను పంక్తితో ఆ పరిశీలనను అణచవచ్చునే గాని, అణచుట తనిఖీని తీసివేయుటయే తప్ప లోపలి పనిముట్లకు తెలుగు నేర్పుట కాదు; మధ్యలో నెక్కడనో మఱియొకటి తడబడవచ్చును. ప్రాజెక్టును సీ డ్రైవులో నేరుగా ఒక చిన్న ఆంగ్ల నామము గల ఫోల్డరునకు జరుపుటయే క్షేమము.