గుడారములో పడక

గుడారములో పరుండువారికి క్రిందినుండి సోకు చలి తక్కువది కాదు. మందపు దుప్పటి పరచినను శరీరభారమునకు అది అణగిపోవును. అందలి గాలి వెలికి పోవును. వేడిని నిలుపునది నూలు కాదు, అందు చిక్కుకొన్న నిశ్చలమైన గాలి. గాలి ఉష్ణవాహకత నీటి ఉష్ణవాహకతలో సుమారు 25వ వంతు మాత్రమే. తడిసిన పడక చలి నాపలేకపోవుటకు ఇదియే కారణము.

కావున చాప అణగరాదు, నీరు పీల్చరాదు. మూసిన గదులు గల ప్లాస్టిక్ నురుగుచాపకు ఈ రెండు గుణములును కలవు. బరువు అరకిలో లోపే. ముల్లు గ్రుచ్చుకొన్నను చెడదు. వీపున మూట మోయు స్కౌటు బాలునకు ఇంతకంటె నమ్మకమైనది లేదు. కాని ప్రక్కకు ఒత్తిగిలువారికి తుంటి నొప్పి తప్పదు.

గాలిపరుపు మెత్తనిది. వెచ్చని గాలి పైననే నిలుచును గదా, చలి యెట్లు వచ్చునని తోచవచ్చును. మనిషి కదలినప్పుడెల్ల లోపలి గాలి కలగి వేడిని నేలకు చేర్చును. కొంత వేడి కిరణరూపమున పోవును. అందుచే కొన్నిటిలో నురుగునో, మెరుగుపొరలనో అమర్చుదురు.

ఉష్ణనిరోధమును కొలుచుటకు 2018లో అమెరికాలో ఏ.ఎస్.టి.ఎమ్. ప్రమాణ మేర్పడినది. దాని 'ఆర్' విలువ వేసవి రాత్రులకు 2 చాలవచ్చును. మంచుపై 5 అయినను కావలెను. ఈ విలువలు కూడుకొనును: 2 గల చాపపై 3 గల పరుపు వేసినచో 5 లభించును.