తెలుపు బేరంలో మెలకువలు: సున్నం బస్తా నుంచి పెయింటు డబ్బా దాకా

ధనుర్మాసం ప్రవేశించగానే ఊళ్లలో వెల్ల పనులు మొదలవుతాయి. సంక్రాంతికి ఇల్లు తెల్లబడాలి. ఆ తర్వాత మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్లు వస్తాయి. ఉగాది, శ్రీరామనవమి దాటేదాకా ఈ గిరాకీ ఏదో ఒక మేరకు నిలుస్తుంది. ఈ నాలుగు నెలల్లో రంగుల కొట్లలో ఎక్కువగా కదిలే సరుకు తెలుపే. గోడలకు ఏ రంగు వేయించుకున్నా పైకప్పుకు తెలుపు తప్పదు.

అయితే "తెలుపు ఇవ్వండి" అని వచ్చిన మనిషికి ఇవాళ కొట్లో ఒక తెలుపు కాదు, పది తెలుపులు చూపించవలసి వస్తున్నది. గడ్డ సున్నం, పొడి సున్నం, డిస్టెంపరు, తెల్ల సిమెంటు పెయింటు, ఎమల్షన్‌లో రెండు మూడు తరగతులు, తలుపులకు ఎనామెల్. ధరల్లో తేడా రెట్లలో ఉంటుంది. ఆ తేడా దేనికని అడిగితే చెప్పగలిగే వర్తకులు కొద్దిమందే. చెప్పలేనివారు రేటు తగ్గించి సరుకు వదిలించుకుంటారు. లేదా తప్పు సరుకు అంటగట్టి, రెండు నెలల తర్వాత పెచ్చులూడిన గోడ గురించి ఖాతాదారుకు సమాధానం చెప్పుకుంటూ కూర్చుంటారు.

బరువు పెరిగితే సరుకు తగ్గినట్లు

ముందు సున్నం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సున్నం అనగానే వర్తకులకు గుర్తుకు వచ్చే ఊరు పిడుగురాళ్ల. 2022లో జిల్లాల విభజన జరిగేవరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్నది. అక్కడి బట్టీలలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాయిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. మంచి రాయి 100 కిలోలు పూర్తిగా కాలితే వచ్చేది 56 కిలోలే. మిగతా 44 కిలోలు గాలిలో కలిసిపోయినట్లే.

వర్తకుడు గుర్తుంచుకోవలసిన లెక్క ఇక్కడి నుంచి మొదలవుతుంది. కాలిన గడ్డ సున్నం పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. గాలిలో తేమ తగిలితే చాలు, నీటిని పీల్చుకుని పిండి అవుతుంది. 100 కిలోల గడ్డ సున్నం పూర్తిగా నీరు పీల్చుకుంటే 132 కిలోలు తూగుతుంది. ఆ పైన గాలిలోని వాయువును కూడా పట్టుకుంటూ పోతే చివరికి 178 కిలోల సుద్ద అవుతుంది. దానికి గోడను పట్టుకునే గుణం ఉండదు. బజారులో దీన్నే చచ్చిన సున్నం అంటారు.

ఇతర సరుకుల్లో తూకం పెరిగితే లాభం. గడ్డ సున్నంలో తూకం పెరిగిందంటే సరుకు పోయిందని అర్థం. వానాకాలంలో గోడౌనులో నెల రోజులు పడి ఉన్న బస్తాను తూకం మీద కొన్నవాడు నీటికీ, గాలికీ డబ్బు కట్టినట్లే. బస్తా ఉబ్బి కుట్లు తెగుతున్నదంటే సరుకు లోపల పిండి అవుతున్నదన్నమాట.

పరీక్ష సులువే. ఇనుప బకెట్టులో గుప్పెడు గడ్డలు వేసి, దూరంగా నిలబడి నీళ్లు పోయాలి. జీవమున్న సున్నం కొద్దిసేపటికే బుసకొట్టి, ఆవిరి చిమ్ముతూ పగులుతుంది. చచ్చిన సున్నం చప్పుడు చేయకుండా నీళ్లలో కూర్చుంటుంది. చల్లారిన తర్వాత అడుగున మిగిలిన రాళ్లను తూచి చూస్తే, బట్టీలో కాలని రాయి ఎంత కలిసిందో తేలిపోతుంది. మరీ ఎక్కువ కాలిన గడ్డలు వేరే రకం తంటా తెస్తాయి. అవి ఆలస్యంగా, గోడ మీదికి ఎక్కిన తర్వాత పగిలి గుంటలు పెడతాయి. అందుకే సున్నాన్ని పొద్దున తడిపి మధ్యాహ్నం కొట్టటం పనికిరాదు.

కాల్చిన సున్నానికి లారీ మీద టార్పాలిన్ సరిగా కప్పకపోవటం తూకం నష్టంతో పోయేది కాదు. తడిసిన లోడు వేడెక్కి గోనె సంచులను అంటించగలదు. దించే కూలీల కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. ఈ జాగ్రత్త కొన్ని గోడౌనులలో ఇంకా పట్టించుకోకపోవటం విచారకరం.

వెల్ల లెక్క

కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలలో వెల్లకు ఒక పద్ధతి ఉన్నది. కిలో గడ్డ సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు పోసి, 24 గంటలు నాననిచ్చి, గుడ్డలో వడగట్టాలి. ఘనపు మీటరు సున్నపు తేటకు 4 కిలోల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. కిలో సున్నానికి 3 గ్రాములకు మించకుండా నీలిమందు వేయాలి. కొత్త గోడకు మూడు కోట్లు.

నీలిమందు ఎందుకని చాలామంది అడుగుతారు. సున్నంలో ఎంతో కొంత ఇనుపధాతువు ఉంటే తెలుపు పసుపుపచ్చకు తిరుగుతుంది. కొద్ది నీలం ఆ పసుపును కప్పి గోడను చలువచేసిన పంచెలా చూపిస్తుంది. అయితే ఏ నీలమైనా పనికిరాదు. అల్ట్రామెరీన్ నీలం సున్నపు ఘాటుకు తట్టుకుంటుంది. ప్రష్యన్ నీలం తట్టుకోలేదు, కొద్దికాలంలోనే విరిగి మట్టిరంగుకు తిరుగుతుంది. నీలం పొట్లాలు అమ్మే కొట్టువారు ఈ తేడా తెలుసుకుని అమ్మాలి.

వెల్లలో జరిగే మరో పొరపాటు కుంచె పట్టినవాడిది. తడిగా ఉన్నప్పుడు సున్నం గోడ మీద సరిగా కనిపించదు. పాత మరకలు అలాగే తెలుస్తుంటాయి. కప్పలేదనుకుని మందంగా పూస్తాడు. ఆరిన తర్వాతగాని అసలు తెలుపు పైకి రాదు. అప్పటికి మందంగా వేసిన పొర పగిలి పొట్టు పొట్టుగా లేస్తుంది. పలుచని మూడు కోట్లు వేసిన గోడ, మందపు ఒక్క కోటు వేసిన గోడకంటె ఎక్కువకాలం నిలుస్తుంది. ఖర్చయ్యేది సున్నం కాదు, కూలి. మూడు రోజుల కూలి ఇష్టంలేని ఇంటివారే ఒక్క కోటుతో ముగించమంటారు.

సున్నం కాలం చెల్లిందనే మాట కొట్లలో తరచు వినబడుతుంది. అందులో కొంత నిజం, కొంత మార్జిన్. సున్నం డబ్బాలో మిగిలే లాభం తక్కువ గనుక దాన్ని వెనక్కి నెట్టటం కొట్టువారికి అలవాటైంది. పాత సున్నపు గారతో కట్టిన ఇళ్లకు, మట్టిగోడలకు, పశువుల పాకలకు, ప్రహరీలకు సున్నాన్ని మించిన తెలుపు లేదు. గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. ఘాటు వల్ల బూజు పట్టనివ్వదు. అదే పిల్లలు వీపులు ఆనించి కూర్చునే హాలులో సున్నం వేస్తే బట్టలన్నీ తెల్లబడతాయి. అక్కడ దాన్ని అమ్మటం తప్పు.

డబ్బాలో ఏమున్నది

ఇక పెయింటు. డబ్బాలోని తెలుపు దాదాపు అంతా టైటానియం డయాక్సైడ్ చలవే. పూర్వం ఆ పని సీసపు తెలుపు, జింకు తెలుపు చేసేవి. 20వ శతాబ్దం రెండో దశకం చివర నార్వే, అమెరికాలలో టైటానియం తెలుపు తయారీ మొదలయ్యాక అవి వెనకబడ్డాయి. సీసం విషం కావటంతో మన దేశంలోనూ ఇంటి పెయింట్లలో దాని మోతాదు పదిలక్షల పాళ్లలో 90కి మించరాదని 2016లో నియమాలు వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి.

టైటానియం తెలుపునకు ముడిసరుకు ఇల్మనైట్, రూటైల్ కలిగిన సముద్రపు ఇసుక. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరంలో ఆ ఇసుక ఉన్నది. కాని పిగ్మెంటు తయారీలో పాత పేర్లు కేరళవి. 1946లో స్థాపించిన ట్రావెన్‌కూర్ టైటానియం ప్రొడక్ట్స్ తిరువనంతపురంలో అనటేజ్ రకం తయారీకి పేరుపడింది. కొల్లం జిల్లా చవరలోని కేరళ మినరల్స్ అండ్ మెటల్స్ 1980లలో రూటైల్ రకం తయారీకి దిగింది. దేశానికి కావలసినదానిలో పెద్ద భాగం దిగుమతి సరుకే. చైనా నుంచి వచ్చే టైటానియం డయాక్సైడ్ మీద 2025 మేలో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం విధించింది. పిగ్మెంటు నేరుగా కొని పెయింటు కలిపే చిన్న తయారీదారులు ఆర్డరు పెట్టేముందు ఆ సుంకం తాజా స్థితి ఏమిటో కస్టమ్స్ ఏజెంటును అడిగి తెలుసుకోవటం మంచిది.

అనటేజ్, రూటైల్ రెండూ ఒకే పదార్థం, కాని నడక వేరు. అనటేజ్ కొంచెం నీలి తెలుపు. కంటికి మరింత తెల్లగా కనిపిస్తుంది. కాని ఎండలో పెడితే పైపొర పొడి రాలుతుంది. రూటైల్ కొంచెం వెన్నఛాయ, కప్పే శక్తి ఎక్కువ, ఎండకు నిలుస్తుంది. లోపలి గోడల పెయింటును మిగిలిపోయిందని బయటి ప్రహరీకి వేస్తే ఒక్క వేసవికే అరచేతికి పొడి అంటటానికి ఇది ఒక కారణం.

టైటానియం ఖరీదైనది గనుక చౌక పెయింట్లలో దాని స్థానంలో సుద్ద, డోలమైటు, బెరైటీస్ వంటి పొడులు పెరుగుతాయి. బెరైటీస్‌కు మంగంపేట గనులు ప్రపంచమంతటా పేరున్నవి. అది టైటానియంకంటె కూడా బరువైన రాయి. కాబట్టి డబ్బా బరువుగా ఉంటే పెయింటు చిక్కనిదనే నమ్మకానికి ఆధారం లేదు. పొడి ఎక్కువైన పెయింటు ఆరిన గోడ మీద తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే రేణువుల మధ్య ఉండిపోయిన గాలి వెలుగును చెదరగొడుతుంది. తడి గుడ్డతో అద్దితే గాలి స్థానంలో నీరు చేరి అడుగునున్న మరక బయటపడుతుంది. నలుపు తెలుపు చారలున్న నున్నని అట్టమీద ఒక కోటు వేసి, మర్నాడు తడి గుడ్డ పెట్టి చూస్తే సరుకు తరగతి తెలుస్తుంది. కొత్త కంపెనీ సరుకు దించుకునే ముందు ఈ పరీక్షకు పట్టే ఖర్చు ఒక అట్టముక్క.

ఇంటివారికి లెక్క ఇలా చెప్పవచ్చు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. పైకప్పు 120. తలుపులు కిటికీలు తీసేస్తే సుమారు 500. లీటరు 125 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే రెండు కోట్లకు 8 లీటర్లు. చౌక తెలుపు రెండు కోట్లకు కప్పకపోతే మరో 4 లీటర్లు, దానితోపాటు మరో రోజు కూలి. డబ్బా మీద తగ్గిన రూపాయలు ఆ మూడో కోటులో కొట్టుకుపోతాయి.

ఏ గదికి ఏ తెలుపు

తెల్లని గోడ తన రంగును చుట్టుపక్కల నుంచి తెచ్చుకుంటుంది. ఎర్రని నేల ఉన్న గదిలో గోడ గులాబీ ఛాయ తిరుగుతుంది. కిటికీ ఎదురుగా వేపచెట్టు ఉంటే పచ్చదనం పడుతుంది. తాండూరు బండలు పరిచిన గదిలో కొంచెం మెత్తని తెలుపు నప్పుతుంది. దీపాలు మరో తేడా. చల్లని తెల్ల ఎల్ఈడీ కింద నీలి తెలుపు ఆసుపత్రిని తలపిస్తుంది, పసుపు వెలుగు దీపం కింద వెన్న తెలుపు పాతబడినట్లు ఉంటుంది. కొట్లోని ట్యూబులైటు కింద కార్డు చూసి ఇచ్చిన ఆర్డరు ఇంటిదగ్గర తిరగబడటానికి కారణం ఇదే. ఒక లీటరు డబ్బా ముందు అమ్మి, కిటికీ పక్క గోడ మీదా, కిటికీ ఎదుటి గోడ మీదా రెండడుగుల చదరం పూయించి, పగలూ రాత్రీ చూడమనటం వర్తకుడికే మేలు.

వెలుతురు తక్కువైన గదికి మిరుమిట్లు గొలిపే తెలుపు వేస్తే వెలుగు వస్తుందనే నమ్మకం ఉన్నది. వెలుతురే లేనిచోట ఆ తెలుపు బూడిదరంగులా కనిపిస్తుంది. అక్కడ కొద్ది పసుపు కలిసిన తెలుపే నయం. కప్పే శక్తిలో కూడా చుక్క నలుపో, చుక్క పసుపో పడిన తెలుపు స్వచ్ఛమైన తెలుపుకంటె ముందుంటుంది.

తలుపులకు వేసే నూనె ఎనామెల్ తెలుపు చీకటి గదుల్లో, వంటింట్లో పసుపుబారుతుంది. అది డబ్బా లోపం కాదు, ఆ నూనె స్వభావం. ముందుగా చెప్పి అమ్మితే ఫిర్యాదు రాదు. తెలుపు చెడకూడదనుకునేవారికి నీటితో కలిపే ఎనామెల్ చూపించాలి.

పాత వెల్ల మీద ఎమల్షన్ వేయటం ఈ సీజనులో అన్నిటికంటె ఎక్కువగా జరిగే తప్పు. ఎమల్షన్ పట్టుకునేది గోడను కాదు, రాలిపోయే సున్నాన్ని. ఆరుతూ బిగుసుకున్న పొర ఆ సున్నంతో సహా అప్పడంలా లేచి వస్తుంది. గీకించి, కడిగించి, ప్రైమరు వేశాకే లప్పం, ఆ పైన పెయింటు. గీకే కూలి చెప్పకుండా డబ్బాలు మాత్రమే లెక్కగట్టే పెయింటరు మాట విని సరుకు ఇచ్చిన కొట్టుకే చివరికి చెడ్డపేరు. కొత్త సిమెంటు గారకు కూడా కనీసం నెల రోజులు ఆరనిచ్చి, తేమ పోయిందో లేదో చూశాకే పని మొదలుపెట్టాలి.

రంగు కలిపే యంత్రం పెట్టిన కొట్లకు ఒక హెచ్చరిక. ముదురు రంగులకు వాడే క్లియర్ బేసులో టైటానియం ఉండదు, ఉన్నా అతి స్వల్పం. డబ్బాలో పాలలాగే కనిపిస్తుంది. తెలుపు అనుకుని దాన్ని ఇస్తే ఆరిన గోడ మీద ఏమీ మిగలదు. రద్దీ రోజుల్లో కుర్రవాళ్ల చేతుల మీదుగా ఇటువంటి పొరపాటు జరగటానికి వీలున్నది కాబట్టి బేసు డబ్బాలను తెలుపు డబ్బాల వరుసలో పేర్చకపోవటం మంచిది. ఒకే ఇంటికి వెళ్లే తెలుపు డబ్బాల బ్యాచి నంబర్లు కూడా ఒకటే ఉండేలా చూడాలి. తెలుపులో తేడా రాదనుకుంటారు, వస్తుంది.

వేసవి సరుకు

నవమి తర్వాత ఇంటి పనులు మందగించినా మిద్దెల తెలుపునకు గిరాకీ ఉంటుంది. తెల్లని పైకప్పు ఎండను తిప్పికొట్టి కింది గది వేడిని తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. మిద్దె మీద సున్నం చౌక, కాని వానలకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేయాలి. అందుకని మిద్దెల కోసం గడ్డ సున్నం నిలవ చేసే వర్తకులు ఆషాఢం నాటికి గోడౌను ఖాళీ అయ్యే లెక్కన మాత్రమే లోడు దించుకుంటారు. వానలు పడ్డాక మిగిలిన బస్తాల తూకం రోజురోజుకూ పెరుగుతుంది.