బొంత అతుకులు కలవాలంటే...

గోదావరి, ప్రాణహిత కలిసే మా కాళేశ్వరంలో చలికాలం వచ్చిందంటే నదిమీది గాలి వణికిస్తుంది. ఎన్ని రగ్గులున్నా పాత చీరల బొంతకున్న వెచ్చదనం వేరు. అమ్మ పోయాక ఆమె నేత చీరల్లో చిరగని మేర కోసి బొంత మొదలుపెట్టాను. అన్నీ నాలుగున్నర అంగుళాల చదరపు ముక్కలే. తీరా వరుసలు కలపబోతే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి! మళ్ళీ కోద్దామంటే చీరలు లేవాయె.

లోపం కత్తెరలో లేదు, కుట్టులో ఉంది. అన్ని అంచుల్లో పావు అంగుళం వదిలి కుడితే ముక్క 4 అంగుళాలు తేలుతుంది. ప్రతి అంచులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా, 12 ముక్కల వరుసలో ఒకటిన్నర అంగుళం పోతుంది.

మీరూ ఇలా చేసి చూడండి. కాగితం కుడి అంచుకు పావు అంగుళం లోపల గీత గీయండి. దారం తీసిన సూదిని సరిగ్గా గీతమీద దించి, కాగితం అంచు వెంట మిషన్ పలకమీద ప్లాస్టర్ అంటించండి. ఇక గుడ్డ అంచు దానికి ఆనిస్తూ కుట్టడమే. చేత్తో కుట్టేవారు ప్రతి ముక్క వెనకా పెన్సిలు గీత గీసుకోవాలి.

పరీక్షకు రెండున్నర అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి మధ్యది కొలవండి. 2 అంగుళాలుండాలి. తగ్గితే ప్లాస్టర్‌ను రవ్వంత సూదివైపు జరపండి. పోగులూడే గుడ్డయితే ముక్కలు 5 అంగుళాలు కోసి, అర అంగుళం వదలండి. ఏదైనా బొంతంతా ఒకటే కొలత!

నేను కుట్లన్నీ బ్లేడుతో విప్పి మళ్ళీ కుట్టాను. మూలకు మూల కలిసింది. అమ్మమ్మ చీరల బొంత ఇప్పుడు హాస్టల్లో మా అమ్మాయి కప్పుకుంటోంది.