మూడు చుక్కల ఓపిక

బాలానగర్ లేత్ షాపుల్లో చేతిలో ఉన్న ఇనప ముక్కను ‘జాబ్’ అంటారు. సగం కోసిన జాబ్ వేరు, కొలత తప్పి స్క్రాప్‌లోకి పోయే జాబ్ వేరు. పైకి రెండూ అరకొరగానే కనిపించినా మొదటిదాన్ని ఎవరూ పారెయ్యరు. అదే బాలానగర్‌లో మెట్రో ఎక్కి, పైథాన్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో దిగే పిల్లలకు మొదట్లోనే ఎదురయ్యేదీ ఈ తేడాయే. ఇంటర్‌ప్రెటర్‌లో బ్రాకెట్ తెరిచి, మూయకుండా ఎంటర్ కొడితే ఎర్రర్ రాదు, మూడు చుక్కలు వస్తాయి. కొత్తవాళ్లు సిస్టమ్ ఆగిపోయిందనుకుంటారు. నిజానికి అది మిగతా మాట కోసం చూస్తోంది.

మనమూ అంతే. ‘వాడు అన్నం తిని’ అని ఎవరైనా ఆగితే తప్పు పట్టం, తర్వాత ఏం చేశాడో చెప్పమంటాం. ‘పుస్తకాన్నికి’ అంటే మాత్రం, వెనక ఎన్ని మాటలు చేర్చినా అది బాగుపడదు. మరి ఈ తేడా యంత్రానికెలా తెలుస్తుంది? పైథాన్‌లోనే రాసిన ఇంటర్‌ప్రెటర్ ప్రాంప్ట్‌లలో ఈ పని కోడ్‌ఆప్ అనే మాడ్యూల్‌ది. చాలాకాలం అది ఒక చిత్రమైన ఉపాయంతో నడిచింది: రాసింది ఉన్నదున్నట్టు ఒకసారి, చివర ఒక ఖాళీ పంక్తి చేర్చి ఒకసారి, రెండు చేర్చి ఒకసారి కంపైల్ చేసి చూసేది. మొదటిసారే కుదిరితే మాట పూర్తయినట్టు. కుదరక, తర్వాతి రెండుసార్లూ ఎర్రర్లే వస్తే వాటిని పోల్చేది. అసంపూర్తి కోడ్‌లో ఎర్రర్ చివరన ఉంటుంది కాబట్టి చివర జరిగితే అదీ జరుగుతుంది. అసలు తప్పు మధ్యలో పాతుకుని ఉంటుంది, కదలదు. ఇటీవలి వెర్షన్లలో కోడ్‌ను చదివి విడదీసే పార్సరే ‘ఇంకా ఉంది’ అని నేరుగా చెబుతోంది.

ఇంత తంటా ఎందుకు, ఎస్‌క్యూఎల్‌లోలా సెమీకోలన్ పెట్టేవరకు ఆగితే చాలదా అనవచ్చు. కానీ రెండూ రెండూ కూడడానికి కూడా ప్రతిసారీ ముగింపు గుర్తు పెట్టాలంటే, అడిగిన వెంటనే జవాబిచ్చే సంభాషణ గుణమే పోతుంది. పైగా కోట్ మూయడం మరిచిపోతే సెమీకోలన్ కూడా ఆ కోట్ లోపలి అక్షరమైపోతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ‘వాడు వచ్చాడు’ పూర్తి వాక్యమే, కానీ వెనక ‘అని చెప్పారు’ రావచ్చు. ఇఫ్ కింద రాసిన భాగమూ అంతే, పూర్తయినా ఎల్స్ రావచ్చు. అందుకే అక్కడ ఖాళీ పంక్తి కొట్టి ‘అయిపోయింది’ అని మనమే చెప్పాలి. ఫైల్‌కు ఆ అవసరం లేదు, దాని చివర కంపైలర్‌కు కనిపిస్తూనే ఉంటుంది. ఫంక్షన్ మధ్యలో ఖాళీ పంక్తి ఉన్న కోడ్ ఫైల్‌లో సజావుగా నడిచి, పాత ప్రాంప్ట్‌లో పేస్ట్ చేస్తే ఇండెంటేషన్ ఎర్రర్ ఇచ్చేది ఇందుకే. ఆ ఇబ్బంది తగ్గించేలా, చాలా పంక్తులను కలిపి దిద్దుకోగల కొత్త ప్రాంప్ట్ 2024 అక్టోబరులో 3.13తో వచ్చింది.